కిటికీ దగ్గర కూర్చుని చలికాలపు పిట్టల్ని గీయడం: వరంగల్ ఇళ్లకు సరిపోయే మార్గదర్శి

పిట్టల బొమ్మలు వేయాలంటే పాకాలకో లక్నవరానికో పోవాల్సిందే అనుకునేవాళ్లు చాలామంది. అక్కర్లేదు. హన్మకొండలోనో కాజీపేటలోనో ఒక మామూలు ఇల్లు, కిటికీకి ఎదురుగా జామచెట్టో కరెంటు తీగో పక్కింటి నీళ్ల ట్యాంకో ఉంటే నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా చేతినిండా పని దొరుకుతుంది. ఈ పనికి చలికాలం బాగా కలిసొస్తుంది. పొద్దున చలికి పిట్టలు ఈకలు ఉబ్బించుకుని ఎండ పొడలో కదలకుండా కూర్చుంటాయి. ఎండాకాలంలో అవే పిట్టలు ఆకుల మాటున దాక్కుంటాయి, మనకు తోక కూడా చిక్కదు. ఇంకొకటి, సూర్యుడు ఈ నెలల్లో కిందుగా నడుస్తాడు. డిసెంబరు చివర మిట్టమధ్యాహ్నం కూడా మన దగ్గర సుమారు 48 డిగ్రీల ఎత్తుకు మించి రాడు. వెలుతురు పక్కనుంచి పడటం వల్ల పిట్ట ఒంటి గుండ్రదనం చూడగానే తెలుస్తుంది.

నేను మొదటి నుంచి చివరి దాకా పట్టుబట్టేది ఒక్కదాని మీదే: కూర్చునే తీరు ముందు, ఈకలు చివర. దూరం నుంచి చూసి మనం గోరింకను గుర్తుపట్టేది దాని పసుపు ముక్కు వల్ల కాదు, కాళ్లు ఎడంగా పెట్టి మెడ చాచి నిలబడే తీరు వల్ల. ఆ తీరు కాగితం మీదికి వచ్చిందంటే మిగతాదంతా నిదానంగా నింపుకోవచ్చు. అది రాకపోతే ఎన్ని ఈకలు లెక్కపెట్టి వేసినా బొమ్మలో ప్రాణం ఉండదు.

ఏ కిటికీ, ఏ పూట

పొద్దున తూర్పు కిటికీ దగ్గర కూర్చోవాలనిపిస్తుంది, వెచ్చగా ఉంటుంది కాబట్టి. బొమ్మకు మాత్రం అది పనికిరాదు. పిట్ట వెనక సూర్యుడు ఉంటే మనకు కనిపించేది నల్లటి నీడ మాత్రమే. వెలుతురు మన వీపు వైపు నుంచి పోయి పిట్ట మీద పడాలి. అంటే పొద్దున పడమటి కిటికీ, సాయంత్రం తూర్పు కిటికీ. ఉత్తరపు కిటికీ ఉన్నవాళ్లు అదృష్టవంతులు. చలికాలంలో సూర్యుడు రోజంతా దక్షిణం వైపే ఉంటాడు, కాబట్టి అక్కడ ఏ పూట కూర్చున్నా రంగులు స్పష్టంగా కనిపిస్తాయి. దక్షిణపు కిటికీ ఒక్కటే ఉందనుకోండి, దాన్నీ వదులుకోవద్దు. రంగు, మచ్చ ఏదీ కనిపించదు కాబట్టి ఆకారం తప్ప గీయడానికి ఇంకేమీ ఉండదు. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి సాధన లేదు.

డిసెంబరు, జనవరి నెలల్లో మన దగ్గర ఆరున్నర దాటాకే పొద్దు పొడుస్తుంది. ఏడు నుంచి తొమ్మిది దాకా పిట్టలు బాగా తిరుగుతాయి, మధ్యమధ్యలో ఎండ కాగుతాయి. మంచు పట్టిన రోజున ఇంకో అరగంట ఆగి కూర్చోండి. సాయంత్రం నాలుగు తర్వాత ఇంకో విడత.

కుర్చీని కిటికీకి ఆనించి వేయకండి, ఒక మీటరు వెనక్కి వేసుకోండి. గదిలో లైటు ఆర్పేయండి. లోపల చీకటిగా, బయట వెలుతురుగా ఉంటే పిట్టలకు మీరు కనబడరు. దోమల జాలి పక్కకు జరిగేదైతే జరిపేయండి, జాలి గుండా చూస్తే అంచులన్నీ మసకబారతాయి. అద్దంలోంచి చూసేటప్పుడు ఎదురుగా చూడండి. ఏటవాలుగా చూస్తే బొమ్మ సాగినట్టు కనిపిస్తుంది, బైనాక్యులర్లో అయితే మరీను.

బయటినుంచి చూసినప్పుడు మీ అద్దంలో ఆకాశమో చెట్టో కనిపిస్తోందా? అయితే పిట్టలు వచ్చి గుద్దుకుంటాయి. అద్దం బయటి వైపు సబ్బుముక్కతో నిలువు గీతలు దగ్గరదగ్గరగా గీయండి. కూర్చున్న చోటినుంచి చూడటానికి మాత్రం రెండు గీతల మధ్య సందు సరిపోతుంది.

పిట్టలకు ఒక చోటు

పిట్ట ఎక్కడ వాలుతుందో ముందే తెలిస్తే సగం కష్టం తీరుతుంది. వేలు మందం ఉన్న ఎండు జామకొమ్మ ఒకటి తెచ్చి మేడ పిట్టగోడకు బైండింగ్ వైరుతో కట్టండి. కిటికీకి మూడు నాలుగు మీటర్ల దూరం ఉంటే మామూలు కంటికి చాలు. కొమ్మ వెనక దూరంగా సాదా గోడో ఆకాశమో ఉండేలా చూసుకోండి. వెనక ఆకులు గుబురుగా ఉంటే పిట్ట అంచు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో తెలియక విసుగొస్తుంది.

ఒక మట్టి మూకుడులో రెండు వేళ్ల లోతు నీళ్లు పెట్టండి, రోజూ మార్చండి. నీళ్లకు వచ్చినన్ని రకాలు గింజలకు రావు, ఎందుకంటే పురుగులు తినే పిట్టలకూ దాహం వేస్తుంది. వానాకాలం వరి కోతలు నవంబరు, డిసెంబరుల్లో అవుతాయి కాబట్టి ఊరినుంచి ఎవరైనా వస్తుంటే నాలుగు వరికంకులు తెమ్మనండి. కుచ్చుగా కట్టి సజ్జ కింద వేలాడదీస్తే పిచ్చుకలు తలకిందులుగా వేలాడుతూ తింటాయి. గీయడానికి అంత సరదా అయిన భంగిమ ఇంకొకటి లేదు.

బియ్యం, నూకలు కుప్పగా పోయొద్దు. పావురాలు గుంపుగా దిగితే మిగతా పిట్టలు దరిచేరవు. పైగా పావురాల రెట్ట ఎండి పొడై గాలిలో కలిస్తే ఊపిరితిత్తులకు చెరుపు. నాకు పావురాలంటే కోపం లేదు, కానీ అవి ఎలాగూ పిలవకుండానే వస్తాయి.

సామాను

ఎక్కువేం వద్దు. ఒక హెచ్‌బీ, ఒక 2బీ, ఒక 4బీ పెన్సిలు, పిల్లల ఎగ్జామ్ ప్యాడ్, దానికి క్లిప్ చేసిన తెల్ల కాగితాలు. మొదటి వారాలు ఖరీదైన స్కెచ్‌బుక్ కొనకండి. పేజీ పాడవుతుందేమోనన్న టెన్షన్‌తో చెయ్యి బిగుసుకుంటుంది. ఒకవైపు ప్రింటయిన పాత కాగితాల వెనకవైపు అయితే ఆ భయమే ఉండదు. రబ్బరు దగ్గర పెట్టుకోవద్దు. తప్పు గీత పక్కనే సరైన గీత వేయండి, రెండూ కనిపిస్తేనే ఎక్కడ తేడా వచ్చిందో తెలుస్తుంది. బైనాక్యులర్ ఉంటే 8×32 గానీ 8×42 గానీ హాయిగా ఉంటుంది. లేకపోతే తీగ మీది పిట్టను వదిలేసి దగ్గరి కొమ్మ మీది పిట్టను గీయండి.

చేతికి అలవాటు

పెన్సిలు పట్టకముందు ఐదు నిమిషాలు ఊరికే చూడండి. ఏ పిట్ట ఎక్కడికి మళ్లీ మళ్లీ వస్తోంది? ఎంతసేపు ఉంటోంది? ఏ వైపు తిరిగి కూర్చుంటోంది? గాలి గట్టిగా ఉంటే దాదాపు అన్నీ గాలికి ఎదురుగానే కూర్చుంటాయి. అది తెలిస్తే తర్వాత వచ్చే పిట్ట ఏ వైపు తిరుగుతుందో కూడా ఊహించవచ్చు.

తర్వాత ఒక పేజీ నిండా ఒంటిగీత బొమ్మలు వేయండి. ఒక్కో పిట్టకు ఒక్క గీత, తల నుంచి తోక చివరి దాకా. ఏట్రింత, అదే పసుల పోలిగాడు, తీగ మీద దాదాపు నిలువుగా కూర్చుంటుంది. గువ్వ నేల మీద నడిచేటప్పుడు గీత అడ్డంగా వస్తుంది. పికిలిపిట్టది ఈ రెంటికీ మధ్య ఏటవాలు. ఒక్కో గీతకు రెండు సెకన్లు మించొద్దు. అలా ఇరవై గీతలయ్యాక పేజీని దూరంగా పెట్టి చూస్తే, తల, రెక్క ఏమీ లేకుండానే ఏ గీత ఏ పిట్టదో చెప్పగలుగుతారు.

కదిలే పిట్ట అంటే మరీ బెదురుగా ఉంటే ముందు ఖిలా వరంగల్ పోయి కాకతీయ తోరణాల మీది హంసల్ని గీసుకోండి. అవి ఎనిమిది వందల ఏళ్లుగా కూర్చునే ఉన్నాయి, మీ కోసం ఇంకో గంట కూర్చుంటాయి.

ఒక పికిలిపిట్టను మొదటి నుంచి చివరి దాకా

పికిలిపిట్ట మన పెరళ్లలో తప్పకుండా కనిపిస్తుంది, మనుషులకు పెద్దగా జంకదు, పొద్దున ఎండలో చాలాసేపు కూర్చుంటుంది. నేర్చుకోవడానికి ఇదే మంచిది. జామకొమ్మ మీద వాలిందనుకుందాం.

మొదట ఆ ఏటవాలు గీత. దాని మీద గుడ్డు ఆకారంలో ఒళ్లు. గుడ్డు లావు వైపు ఛాతీకి, సన్నటి వైపు తోకకు. చలిపొద్దున అయితే గుడ్డు బాగా గుండ్రంగా ఉంటుంది, కాళ్లు పొట్ట ఈకల్లో సగం మునిగిపోతాయి. అదే పిట్ట పదకొండు గంటలకు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. రెండు పూటలా గీసి పక్కపక్కన పెట్టుకుంటే రెండు వేర్వేరు పిట్టలేమో అనిపిస్తుంది.

తల చిన్న గుండ్రం. దాన్ని ఒళ్లు మీద విడిగా అతికించినట్టు పెట్టకండి. ఉబ్బిన పిట్టకు మెడ కనబడదు, తల గుండ్రంలో కొంత భాగం గుడ్డు లోపలే ఉండాలి. తల మీది జుట్టు నూనె రాయని పిల్లాడి క్రాపులా వెనక్కి నిక్కి ఉంటుంది. ఉలిక్కిపడితే నిలువుగా లేస్తుంది, నింపాదిగా ఉంటే అణిగిపోతుంది. పిట్ట మూడ్ ఎలా ఉందో అక్కడే తెలుస్తుంది కాబట్టి దాన్ని అప్పటికప్పుడు చూసినట్టే వేయండి, తర్వాత సరిచేద్దామనుకోవద్దు.

ఇప్పుడు ముక్కు, కన్ను. కొత్తవాళ్లు కన్నును తల మధ్యలో పెట్టేస్తారు. ముందు ముక్కు చీలిక గీతను వేయండి. ఆ గీతను వెనక్కి పొడిగిస్తే కంటి కిందికి వస్తుంది. కన్ను దానికి కాస్త పైన, తల మధ్యకంటే ముందుకే ఉంటుంది. కంటిలో వెలుగు చుక్కకు తెల్లకాగితం వదిలేసి చుట్టూ 4బీతో నల్లగా చేయండి. పికిలిపిట్ట తల కూడా నలుపే కాబట్టి ఈ తెల్లచుక్క లేకపోతే కన్ను ఎక్కడుందో కూడా తెలియదు.

రెక్కను వీపు మీద అతికించిన ఆకులా కాక, భుజం దగ్గర ఛాతీ ఈకల కిందినుంచి మొదలయ్యేలా చూడండి. మడిచిన రెక్క ముందంచును ఛాతీ ఈకలు కప్పేస్తాయి. రెక్క కొన తోక మీద ఎంత దూరం వచ్చిందన్నది ముఖ్యం. పికిలిపిట్టకు తోక మొదలు దాటి పెద్దగా రాదు. ఎగురుతూనే బతికే వానకోవెల లాంటి పిట్టలకు రెక్కలు తోక చివరి దాకా పోతాయి. ఈ ఒక్క కొలత సరిగ్గా ఉంటే పిట్ట రకం సగం తెలిసిపోయినట్టే.

కాళ్లు. మనం మోకాలనుకునే, వెనక్కి మడిచిన ఆ కీలు నిజానికి మడమ. మోకాలు పొట్ట ఈకల్లో దాగి ఉంటుంది. మడమ నుంచి కింద ఉన్నదంతా పాదమే. అందుకే కాళ్లను పొట్ట అంచు నుంచి తిన్నగా దించితే పిట్ట కర్రల మీద నిలబెట్టినట్టు అవుతుంది. బరువు సరిచూడటానికి పెన్సిలును నిలువుగా పట్టుకోండి. ఒంటి బరువంతా పాదాల మీదుగా పోవాలి, లేకపోతే పిట్ట ముందుకు పడిపోయేలా ఉంటుంది. వేళ్లు మూడు ముందుకు, ఒకటి వెనక్కి. కొమ్మను పట్టినప్పుడు మనకు ముందరి మూడే కనిపిస్తాయి. రామచిలుకకు, జెముడుకాకికి మాత్రం రెండు ముందుకు, రెండు వెనక్కి.

ఇదంతా అయ్యాకే గుర్తులు. తల నలుపు, ఒంటి మీద పొలుసుల్లాంటి లేత అంచులు, తోక చివర తెలుపు, తోక కింద ఎరుపు, ఎగిరినప్పుడు కనిపించే తెల్లటి నడుము. పొలుసులన్నీ వేయకండి. ఛాతీ దగ్గర ఒక పది, భుజం దగ్గర ఒక పది వేసి మిగతాది వదిలేస్తే చూసేవాళ్ల కన్నే నింపుకుంటుంది.

పిట్ట కదిలితే ఏం చేయాలి

కదులుతుంది, అది ఖాయం. కదలగానే ఆ బొమ్మను అక్కడే ఆపేసి అదే పేజీలో పక్కన కొత్త భంగిమ మొదలుపెట్టండి. పిట్టలకు అలవాటైన భంగిమలు కొన్నే ఉంటాయి. ముక్కు రాసుకోవడం, రెక్క కిందికి తల దూర్చడం, పక్కకు చూడటం, ఉబ్బి కూర్చోవడం, వీటినే తిప్పితిప్పి చేస్తుంటాయి. మొదటి భంగిమకు తిరిగొచ్చినప్పుడు మొదటి బొమ్మకు ఇంకో రెండు గీతలు కలపండి. పేజీలో ఆరు సగం సగం పిట్టలు ఉండటం మంచి పేజీకి గుర్తు.

వెళ్లిపోయిందా? పది సెకన్లు కళ్లు మూసుకుని, గుర్తున్నది మాత్రమే వేయండి. గుర్తులేని చోట ఖాళీ వదలండి. ఏది చూడలేదో ఆ ఖాళీ చెబుతుంది, మళ్లీ వచ్చినప్పుడు ముందు అక్కడే చూస్తారు. ఫోను ఫోటో తీసుకోవచ్చు కానీ బొమ్మ అయ్యాకే తెరవండి. ఫోటోను ముందు పెట్టుకుని వేస్తే వచ్చేది ఆ ఫోటో నకలే.

ఒక్కో పిట్టతో ఒక్కో పేచీ

గోరింక పెద్దగా గెంతదు, మనిషిలా అడుగులేసి నడుస్తుంది. పిచ్చుక రెండు కాళ్లతో గెంతుతుంది. కాబట్టి గోరింకకు కాళ్లు ఒకటి ముందు, ఒకటి వెనక పెట్టండి. కంటి వెనక పసుపు ఈకలు కావు, ఉత్త చర్మం, దాని అంచు పదునుగా ఉంటుంది.

ఏట్రింత గీసేవాళ్లకు దేవుడిచ్చిన పిట్ట. తీగ మీదినుంచి పురుగు కోసం దూకి మళ్లీ అదే చోటికి వస్తుంది. పసిరిక పిట్ట కూడా అంతే. ఏట్రింతతో చిక్కల్లా నలుపు. నల్లపిట్టను నల్లగా నింపేస్తే అది రంధ్రమవుతుంది. ఎండ పడే భుజం, తల పైభాగం కాగితం తెలుపుకు దగ్గరగా వదిలి, పొట్ట కింద, రెక్క మడతలో మాత్రమే 4బీ నొక్కండి. కాకికీ ఇదే పద్ధతి. కాకి మెడ బూడిదరంగు, నలుపులోకి మెల్లగా కలిసిపోవాలి, మధ్యలో గీత గీసినట్టు ఉండకూడదు.

తేనెపిట్ట ఒక్క క్షణం నిలవదు. దాని కోసం తిరగేసి పనిచేయాలి. ముందు మందార పువ్వునో మునగపూత గుత్తినో తీరిగ్గా గీసి పెట్టుకోండి. తేనెపిట్ట ఆ గుత్తికే మళ్లీ వస్తుంది, వచ్చినప్పుడల్లా ఒక గీత కలపండి. చలికాలం మొదట్లో మగ ఊదా తేనెపిట్ట (పర్పుల్ సన్‌బర్డ్) నిగనిగలాడే ఊదారంగులో ఉండదు. ఆడపిట్టలాగే ఉండి గొంతు నుంచి పొట్ట దాకా నల్లటి చార మాత్రం ఉంటుంది. వేసవి దగ్గరపడేకొద్దీ ఊదా మచ్చలు అక్కడక్కడా వస్తాయి. తేదీ వేసుకుంటూ గీస్తే ఆ మార్పు మొత్తం మీ కాగితాల్లోనే ఉంటుంది. నా దృష్టిలో చలికాలమంతా ఇంత విలువైన పని ఇంకోటి లేదు.

వలస వచ్చేవాటిలో బ్లాక్ రెడ్‌స్టార్ట్‌ను వెతకండి. మగది పైన నల్లగా, పొట్ట ఇటుకరంగులో ఉంటుంది. పిట్టగోడల మీద, రాళ్ల మీద వాలి తోకను వణికిస్తూ ఉంటుంది. ఆ వణుకును తోక చివర రెండు మూడు తేలిక గీతలతో చూపిస్తే చాలు. నీళ్ల ట్యాంకు పొంగి తడిసిన మేడ మీద వాగ్‌టెయిల్ తిరుగుతుంది. దాని తోకను పైకి ఒకసారి, కిందికి ఒకసారి రెండు బొమ్మలుగా వేయండి. సాయంత్రం గుంపులుగా పోయే రోజీ స్టార్లింగులను ఒక్కొక్కటిగా గీయాలని చూడొద్దు, గుంపు ఆకారాన్ని ఒక్క గీతలో పట్టుకుని లోపల చుక్కలు పెట్టండి.

ఇల్లు ఊరి చివర, వర్ధన్నపేట వైపో పరకాల వైపో పొలాల పక్కన ఉంటే పాలపిట్ట తీగ మీద కనిపిస్తుంది. దసరాకు అందరం చూసే మన రాష్ట్ర పక్షే అయినా, కూర్చున్నప్పుడు అది మట్టిరంగులో మామూలుగా ఉంటుంది. నీలం చాలావరకు రెక్కల్లో దాగి ఉంటుంది. కూర్చున్న బొమ్మకు నీలం దట్టించకండి, ఎగిరే బొమ్మ ఒకటి పక్కన చిన్నగా వేసి అందులో పెట్టండి.

సంక్రాంతి వారం

పతంగుల వల్ల ఆ మూడు నాలుగు రోజులు పిట్టలు బెదిరి ఉంటాయి. నైలాన్ మాంజాపై నిషేధం ఉన్నా చెట్లలో, తీగల్లో తెగిన దారాలు వేలాడుతూనే ఉంటాయి. బొమ్మలకు విరామమిచ్చి, మీ కొమ్మ చుట్టూ, మేడ మీద చిక్కుకున్న దారం చేతికందినంత మేర తీసేసి ముక్కలుగా కత్తిరించి చెత్తలో వేయండి. కరెంటు తీగల జోలికి మాత్రం పోవద్దు.

రాతలు, రంగులు

ప్రతి పేజీ మూలన తేదీ, టైము, ఎండా మబ్బా, పిట్ట ఏం చేస్తోంది అన్నవి రాయండి. రంగులు మాటల్లో రాసుకోండి: "పొట్ట పక్కన మురికి పసుపు", "కాళ్లు బూడిద". ఫిబ్రవరిలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్‌లో కనీసం 15 నిమిషాలు పిట్టల్ని లెక్కపెట్టి పంపాలి. రోజూ ఇలా రాసుకునేవాళ్లకు అది కొత్త పనిలా అనిపించదు.

రంగులు వేయాలనిపిస్తే పిట్ట వెళ్లిపోయాక ఆ రాతలు చూసి మామూలు వాటర్ కలర్ కేకులతో వేయండి. రామచిలుకకు డబ్బాలోని ముదురు ఆకుపచ్చ నేరుగా వాడితే ప్లాస్టిక్ బొమ్మలా ఉంటుంది, నిమ్మపసుపు ఎక్కువ కలపండి. గోరింక ఒంటికి బర్న్ట్ అంబర్ (ముదురు గోధుమరంగు), తలకు అందులోనే కొంచెం నీలం. మొదటి పూత బాగా పలుచగా వేసి, పూర్తిగా ఆరాకే రెండోది వేయండి. చలిపొద్దున కాగితం తొందరగా ఆరదు, ఎండలో పెట్టండి కానీ మీద ఏదైనా బరువు ఉంచండి.

పెన్సిలు బొమ్మలు ఒకదానికొకటి రాసుకుని మసకబారిపోతాయి. పేజీల మధ్య బటర్ పేపర్ పెట్టి ఫైల్లో నిలువుగా కాకుండా పడుకోబెట్టి దాచండి. 4బీ ఎక్కువ వాడిన పేజీలు ఉంటే పెన్సిలు గీత చెదరకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ స్ప్రేను, స్టేషనరీ షాపులో దొరుకుతుంది, మేడ మీద, గాలి మీ ముఖానికి కొట్టని వైపు నిలబడి, అడుగు దూరం నుంచి ఒక్క పూత కొడితే చాలు.